మా ఉస్తాద్ తిప్పిన కార్డు

మా ఉస్తాద్ పోయారన్న కబురు నాకు నడిసముద్రంలో, నేను పనిచేసే గ్యాస్ ప్లాట్‌ఫామ్ మీద అందింది. మధ్యాహ్నం భోజనాల వేళ. పప్పూ అన్నం పెట్టించుకుని బల్ల దగ్గర కూర్చున్నానో లేదో, రేడియో రూమ్ నుంచి పిలుపు వచ్చింది. ఫోన్‌లో అమ్మ. "బిడ్డా, ఉస్తాద్ పోయిండే. షెడ్డుల కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. పొద్దుగాల నేనే చాయ్ ఇచ్చొచ్చిన" అంది. ఆ తరువాత అటువైపు ఏడుపు తప్ప మాట లేదు.

సెలవు అడిగితే ఒక ఫారం ఇచ్చారు. పోయినవారు మీకేమవుతారు అని అందులో గడులు ఉన్నాయి. తల్లి, తండ్రి, భర్త, పిల్లలు. వెల్డింగ్ నేర్పిన ఉస్తాద్‌కు గడి లేదు. కింద ఖాళీ చోట పెదనాన్న అని రాసిచ్చాను. రాసినా లాభం లేకపోయింది. గాలులు బాగాలేవు, మూడు రోజుల దాకా హెలికాప్టర్ ఎగరదన్నారు. నాలుగో రోజు బొంబాయిలో దిగి, అక్కడి నుంచి పాతబస్తీలో మా శాలిబండకు చేరేసరికి అంతా అయిపోయింది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి తెచ్చిన బంతిపూల దండలు షెడ్డు గుమ్మానికి ఎండిపోయి వేలాడుతున్నాయి. పక్కన పాత ఇనుము కొనే చాచా నన్ను చూసి, "బహుత్ ఇంతెజార్ కరే బేటా తుమ్హారా" అని తల దించుకున్నాడు. నీకోసం చాలా ఎదురుచూశాడమ్మా అని. ఆయన మామూలుగానే అన్నాడు. నేను మాత్రం ఆయన వైపు చూడలేక దండలు విప్పడం మొదలుపెట్టాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచే రాస్తారు. నేనూ రాస్తాను, రాయడానికి బోలెడు ఉంది. కానీ ఒక సంగతి ముందే చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినదాన్నవుతాను. పోవడానికి ఇరవై రోజుల ముందు ఆయన మా బాపు చావు గురించి నాకు ఒక నిజం చెప్పారు. చెప్పి, "మీ అమ్మకు నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?" అని అడిగారు. నేను జవాబు ఇవ్వకుండా ఆటో ఎక్కేశాను. ఆ జవాబు కోసమే ఆయన ఎదురుచూశారు. అప్పటికి అమ్మకు ఏమీ తెలియదు.

మా బాపూ ఉస్తాదూ ఇద్దరూ వెల్డర్లు, ఇద్దరిదీ ఒకటే గల్లీ. బొంబాయి సముద్రంలో చమురు, గ్యాసు తీసే ప్లాట్‌ఫామ్‌ల మీద పనిచేసేవారు. ప్లాట్‌ఫామ్ అంటే నీళ్ళ మధ్య ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన మూడంతస్తుల కార్ఖానా అనుకోండి. ఆ రోజుల్లో దాని మీదికి మనుషులను ఎలా తీసుకెళ్ళేవారో చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. కాంట్రాక్టర్ మనిషి శాలిబండకు వచ్చి, హోటల్లో చాయ్ తాగుతూ, ఎనిమిది మంది కావాలనేవాడట. ఉస్తాద్ లేచి వెళ్ళి గంటలో తనతో కలిపి ఎనిమిది మందిని నిలబెట్టేవారు. పక్కింటాయన, ఎదురింటాయన, ఒకరి బావమరిది, ఇంకొకరి తోడల్లుడు. సర్టిఫికెట్ అడిగిన పాపాన పోయినవాడు లేడు, రెండు పైపులు అతికి చూపిస్తే చాలు. ఎనిమిది మందీ ఒకే రైలెక్కి, ఒకే పడవెక్కి, ఒకే గదిలో పడుకుని, ఒకే డబ్బాలోని మామిడికాయ తొక్కు తినేవారు. మా గల్లీ సగం సముద్రం మీదే ఉండేదని అమ్మ ఇప్పటికీ అంటుంది.

నాకు ఏడేళ్ళప్పుడు బాపు పోయాడు. ఎలా పోయాడన్నది కంపెనీ కాగితంలో ఉంది, ఇరవై ఏళ్ళ పాటు మాకు తెలిసిందీ అదే. గ్యాస్ లీకైందని సైరన్ మోగింది. అందరూ పై అంతస్తులో చేరాల్సిన చోట చేరారు. బాపు కూడా వచ్చాడు. లెక్క సరిపోయింది. ఆ తరువాత ఎవరికీ చెప్పకుండా మళ్ళీ కిందికి దిగి, గ్యాస్ పీల్చి చచ్చిపోయాడు. హెచ్చరికను లెక్కచేయక తన ఇష్టంతో తిరిగి వెళ్ళిన కార్మికుడు అని రాశారు. ఆ ముక్క అమ్మ గుండెల్లో మేకులా దిగిపోయింది. నల్లా రాకపోయినా, నాకు జ్వరం వచ్చినా, ఇంటాయన ఖాళీ చేయమన్నా, అమ్మ తిరిగేది బాపు మీదికే. "పైకొచ్చినోనివి పైననే నిలవడక మళ్ల ఎందుకు దిగినవయ్యా? నేనూ పిల్లా యాదికి రాలేదా?" ఏడుపులాగా కాదు, లొల్లిలాగే పెట్టుకునేది. ఇరవై ఏళ్ళ పాటు మా ఇంట్లో మొగుడూ పెళ్ళాల కొట్లాట ఆగలేదు, మొగుడు లేకపోయినా.

ఆ కొట్లాటకు ఎక్కువసార్లు సాక్షి ఉస్తాదే. ఇల్లాలు పోయాక ఆయన ఒంటరి. ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి మా గుమ్మం దగ్గర కూర్చుని ఉండేవారు. స్టవ్ బర్నరో, కూలర్ మోటారో, ఏదో ఒకటి విప్పి బాగుచేసేవారు. అమ్మ ఆయనను అన్నా అనేది. ఆయన అమ్మను చెల్లె అనేవారు. అమ్మ బాపును తిడుతుంటే ఆయన తల ఎత్తకుండా స్క్రూలు బిగించేవారు. ఒక్కసారైనా "పోనీలే చెల్లె" అనలేదు. మంచి మనిషి, ఆడవాళ్ళ బాధలో తలదూర్చడు అని అమ్మ మెచ్చుకునేది.

ఆయనకు ఒక పిచ్చి అలవాటు ఉండేది. మనుషులను లెక్కపెట్టేవారు. షేరింగ్ ఆటో దిగాక కూడా, ముక్కూ మొహం తెలియని తోటి ప్రయాణికులను వేలితో లెక్కపెట్టుకుని గానీ కదిలేవారు కాదు. పెళ్ళి బస్సు అయితే డ్రైవర్‌కు నరకమే. "నలభై రెండు మందిమి వచ్చినం, నలభై ఒకటే ఉన్నరు. బండి కదిలిస్తే చూడు" అని మెట్టు మీద అడ్డం నిలబడేవారు. ఆ నలభై రెండోవాడు పాన్ నములుతూ తీరిగ్గా వచ్చేదాకా బస్సంతా ఆయనను తిట్టుకునేది. ఒకసారి గల్లీ పిల్లలందరినీ బహదూర్‌పురా జూకు తీసుకెళ్ళారు. ఏనుగు దగ్గర లెక్క, మొసలి దగ్గర లెక్క. మేము జంతువులను చూశాం, ఆయన మమ్మల్ని చూశారు. "ఉస్తాద్, పులులను గూడ లెక్కపెట్టు, ఒకటి తక్కువైతే మనకే కష్టం" అన్నాను నేను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, మళ్ళీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టారు.

బాపు పోయిన తరువాత కాంట్రాక్టర్లకు బుద్ధి వచ్చింది, లేక భయం పట్టుకుంది. ఒకే గల్లీ వాళ్ళను ఒకే చోట పెట్టడం మానేశారు. ఒకడు వెళ్ళకపోతే ఎనిమిది మందీ మానేస్తారన్న బెడద కూడా వాళ్ళకు అలాగే తీరింది. మా గల్లీ వాళ్ళు తలో ప్లాట్‌ఫామ్‌కు చెదిరిపోయారు. తరువాత ఒడిశా నుంచి, బీహార్ నుంచి కుర్రవాళ్ళు రావడం మొదలైంది. పర్మినెంట్ ఉద్యోగులు రిటైర్ అవుతుంటే ఆ జాగాలు నింపలేదు, ఆ పనీ కాంట్రాక్టుకే ఇచ్చారు. సర్టిఫికెట్లు అడిగారు. వయసు అడిగారు. చెవులు, కళ్ళు, ఊపిరి పరీక్ష చేశారు. ఉస్తాద్ ఊపిరి పరీక్షలో తప్పారు. ముప్పై ఏళ్ళు పొగ మింగిన ఛాతీ ఎలా పాసవుతుంది? "గొట్టంల ఊదమన్నరు, సూది కదల్లే" అని చెప్పి, పెట్టె దించి, శాలిబండలో రేకుల షెడ్డు వేసుకుని వెల్డింగ్ నేర్పడం మొదలుపెట్టారు. అప్పటికి సముద్రం మీద మా గల్లీ అన్నది లేకుండా పోయింది.

ఆ షెడ్డులోకి నేను డిప్లొమా పట్టుకుని వెళ్ళాను. ఏడాదిన్నర తిరిగినా ఎక్కడా పని దొరకలేదు. అతుకులు వేయడం కంటే అతుకుల్లో లోపాలు పట్టే పనికి గిరాకీ ఉందని, ఇప్పుడు ఆడపిల్లలను కూడా ప్లాట్‌ఫామ్‌ల మీదికి తీసుకుంటున్నారని ఉస్తాదే చెప్పారు. అమ్మ ఇంటి పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది. "తండ్రిని మింగింది సాలదా? నా పిల్లను గూడ తోల్తవా అన్నా?" ఆయన విప్పుతున్న బర్నర్ కింద పెట్టారు. తరువాత, "ఈ పిల్ల పక్కోళ్ళను చూసుకుంటది చెల్లె. గప్పుడు మేము చూసుకోలే" అన్నారు. ఆ మాటలో ఏముందో మాకు ఎవరికీ తోచలేదు. పెద్దమనిషి ఏదో అన్నాడులే అనుకున్నాం.

నేర్పడంలో ఆయన రాక్షసుడు. పైపు అతుకు మీద రంగునీళ్ళు పూసి, తుడిచి, సన్నని పగులు ఎక్కడుందో చూపించమనేవారు. చూపిస్తే, "ఇంకొకటున్నది" అనేవారు. ఉండేది. హెలికాప్టర్ నీళ్ళలో పడితే బయటపడే పరీక్ష ఒకటి ఉంటుంది, బొంబాయిలో పెడతారు. సీటుకు కట్టేసి తలకిందులుగా నీళ్ళలో ముంచుతారు. దానికోసం ఉస్తాద్ పాత ఇనుము చాచా దగ్గర ఒక మారుతి కారు సీటు, బెల్టు తెచ్చి, షెడ్డులో బిగించారు. నా కళ్ళకు రుమాలు కట్టేవారు. కిటికీ అని ఒక ఇనుప చట్రాన్ని పక్కన నిలబెట్టేవారు. నేను కంగారుపడి ముందు బెల్టు విప్పితే చేతి మీద స్కేలుతో ఒకటి వేసేవారు. "ముందుగాల దారి పట్టుకో. దారి చేతుల ఉన్నంక బెల్టు ఇప్పు." వందసార్లు చేయించారు. బొంబాయి నీళ్ళలో నా పక్క సీటు వాళ్ళు బెల్టు విప్పుకుని ఎటు పోవాలో తెలియక తన్నుకుంటుంటే, నేను చట్రం పట్టుకుని బయటికి వచ్చాను. శిక్షకుడు ఎక్కడ నేర్చుకున్నావన్నాడు. శాలిబండలో అన్నాను. అదేదో పెద్ద ఇన్‌స్టిట్యూట్ అనుకున్నాడు పాపం.

షెడ్డులో హాజరు పుస్తకం ఉండేది. ఎవరి సంతకం వాళ్ళే చేయాలి. ఒక రోజు చుట్టాలింటి నుంచి వస్తూ బస్సు దొరక్క, నా సంతకం పెట్టేయమని తోటి విద్యార్థికి ఫోన్ చేశాను. ఏ కాలేజీలో జరగని పని అది? ఉస్తాద్ చూశారు. నేను వెళ్ళేసరికి పుస్తకం రోడ్డు మీద పడి ఉంది. "లేని మనిషిని ఉన్నదని రాస్తరా? ఏమనుకుంటుండ్రు మీరు?" అని గల్లీ అదిరేలా అరిచి, ఇద్దరినీ వారం రోజులు రావద్దన్నారు. మూడో రోజు క్షమాపణ చెబుదామని వెళ్ళాను. షెడ్డులో ఆయన ఒక్కరే ఉన్నారు. వెల్డింగ్ మిషన్ ఆగి ఉంది. ముఖానికి మాస్క్ మాత్రం దించి ఉంది. దాని కింద ఏముందో కనిపించలేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. కాసేపటికి మాస్క్ తీయకుండానే "రేపు రా" అన్నారు.

నేను ఉద్యోగంలో చేరాక, ఇరవై ఎనిమిది రోజులు సముద్రం, ఇరవై ఎనిమిది రోజులు ఇల్లు. వచ్చిన ప్రతిసారీ ఆయన అడిగేది ఒక్కటే. "ఈసారి ఎవరెవరు ఉన్నరు?" వంట మనిషి అస్సాం అని, పరంజాలు కట్టేవాళ్ళు నేపాల్ అని, కంపౌండర్ కేరళ అని చెప్పేదాన్ని. శాలిబండ వాళ్ళు నేను తప్ప ఎవరూ లేరని చెప్పేదాన్ని. ఏటేటా మనుషులు తగ్గుతున్నారని, బొంబాయిలో కూర్చుని తెరల మీద చూస్తూ సగం పని నడుపుతున్నారని, నేను చేతితో చూసే పైపులకు కూడా త్వరలో ఏవో యంత్రాలు బిగిస్తారట అని చెప్పేదాన్ని. ఆయనకు అవేమీ పట్టేవి కావు. "పేర్లు చెప్పు" అనేవారు. నాకు తెలిసేవి కావు. నెలకో ముఖం మారుతుంటే పేర్లెలా తెలుస్తాయి? "పక్క మంచం మీద పడుకున్నోని పేరు తెల్వకుంట ఎట్ల బతుకుతుండ్రే మీరు?" అని తల పట్టుకునేవారు. ఆయనకు పట్టరానంత భయం వేసేది, నాకు ముసలాయన చాదస్తం అనిపించేది.

మా ప్లాట్‌ఫామ్ మీద ఆడవాళ్ళం ఇద్దరమే. నేను, రాజమండ్రి నుంచి వచ్చిన ఒక ఇంజనీరు పిల్ల. మాకిద్దరికీ ఒకే గది. మగవాళ్ళ కొలతలతో కుట్టిన పని బట్టలు మడిచి తొడుక్కునే చోటు అది. ఏ చిన్న ఆలస్యమైనా "ఆడవాళ్ళు కదా" అనే నవ్వు వినబడుతుంది. అందుకే మేము ఒకరినొకరం కాపాడుకునేవాళ్ళం. ఎలాగో చెప్పాలంటే ముందు కార్డు గురించి చెప్పాలి.

ప్లాట్‌ఫామ్ మీద ప్రతి మనిషికీ పేరు రాసిన ఒక చిన్న అట్ట కార్డు ఉంటుంది. ఒకవైపు ఎరుపు, ఒకవైపు ఆకుపచ్చ. అందరివీ ఒక బోర్డుకు తగిలించి ఉంటాయి. సైరన్ మోగితే ఎవరికి వారు అక్కడికి పరుగెత్తుకొచ్చి, తమ కార్డును తామే ఆకుపచ్చ వైపుకు తిప్పాలి. ఎరుపు మిగిలితే ఆ మనిషి ఇంకా రాలేదని అర్థం, వెతకడానికి వెళ్తారు. అన్నీ ఆకుపచ్చగా ఉంటే ఎవరూ ఎవరినీ వెతకరు.

సముద్రానికి తిరిగి బయలుదేరిన రోజు, స్టేషన్‌కు వెళ్తూ షెడ్డులో ఆగి నేను ఉస్తాద్‌కు ఒక తమాషా చెప్పాను. "పోయినసారి డ్రిల్లు పెట్టిండ్రు ఉస్తాద్. మా రూమ్ పిల్ల తలస్నానం చేస్తున్నది. నురగతోటి ఉరికొస్తదా ఏంది? లేటైతే అందరు నవ్వుతరు గద. నేనే ఆమె కార్డు గూడ తిప్పేసిన."

ఆయన చేతిలోని చాయ్ సాసర్ కింద పెట్టేశారు. "ఎన్నిసార్లు తిప్పినవ్?"

"రెండు మూడుసార్లు. ఆమె గూడ నాది తిప్పుతది. ఉట్టి డ్రిల్లే గద ఉస్తాద్, ఫికర్ ఎందుకు?"

"తలుపు దగ్గరికెయ్యి" అన్నారు.

వేశాను. ఆయన గోడ వైపు తిరిగి మాట్లాడారు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందేది కాదు. "మీ బాపు మళ్ల దిగిపోలే బిడ్డా. అసలు పైకే రాలే. మేము ఎనిమిది మందిమి. డ్రిల్లు అంటే పని ఇడిసిపెట్టి ఎండల నిలవడాలె. అందుకే ఎవడు ముందల వస్తే వాడే ఎనిమిది కార్డులు తిప్పుతుండె. గదే దోస్తీ అనుకున్నం. ఆ దినం నేను ముందలొచ్చిన. అన్నీ తిప్పిన. మీ బాపుది గూడ ఈ చేతితోటే తిప్పిన."

ఆయన ఆ చేతిని గోడకు ఆనించారు.

"అందరొచ్చిండ్రని ఆఫీసర్ బొంబాయికి చెప్పేసిండు. చూస్తే ఏడుగురమే ఉన్నం. వెనకాల ఉన్నడేమో అనుకున్న. ఆ పక్కకు పోయిండేమో అనుకున్న. తర్వాత తెలిసిపోయింది లేడని. నోరు రాలే. చెప్తే ఎనిమిది మంది పని పోతదని, నన్ను జైల్ల ఏస్తరని భయమైంది. గంట సేపు గట్లనే నిలవడ్డ. గంటకు కార్డులు కాదు, మనుషులను లెక్కపెట్టిండ్రు, గప్పుడు తక్కువొచ్చింది. గ్యాస్ మాస్క్ ఏసుకుని నేనే దిగిన. ఇనుము కోసే కట్టింగ్ సెట్ పక్కన పడి ఉన్నడు. సిలిండర్లు రెండూ బంద్ చేసి ఉన్నయి. గవి బంద్ చెయ్యనీకె ఆగిండు మీ బాపు, మంట అంటుకుంటే అందరం పోతమని. భుజం మీదేసుకుని నేనే తెచ్చిన. కార్డు ఆకుపచ్చగ ఉన్నది గద, వచ్చి మళ్ల పోయిండని వాళ్ళే రాసుకున్నరు. కింద సాక్షి సంతకం నాదే."

మీకు ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఆ క్షణంలో నాకు కోపం కూడా రాలేదు. ఆయన చేతులు చూశాను. నా వేళ్ళు పట్టుకుని ఎలక్ట్రోడ్ కడ్డీ ఏటవాలుగా పట్టడం నేర్పిన చేతులు. లేచి బయటికి నడిచాను. గల్లీ చివరి దాకా ఆయన నా వెనకే ఆయాసపడుతూ వచ్చారు. అక్కడే అడిగారు, "మీ అమ్మకు నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?" అని. ఆటో కదిలాక వెనక్కి తిరిగి చూడలేదు. అద్దంలో కనబడకుండా పక్కకు జరిగి కూర్చున్నాను.

కోపం సముద్రం మీదికి వెళ్ళాక వచ్చింది. స్టవ్ బర్నర్ బాగుచేసినప్పుడూ, జూలో నన్ను వేలితో లెక్కపెట్టినప్పుడూ, నా కళ్ళకు రుమాలు కట్టినప్పుడూ ఆయన లోపల ఇది ఉంది. నన్ను ప్రేమతో పెంచారా, భయంతో పెంచారా? నాకు వచ్చిన ప్రతి పనీ ఆయన పెట్టిన భిక్షే, నాకు లేని తండ్రీ ఆయన చేసిన లోటే. ఈ రెండింటినీ వేరుచేయడానికి ఎంత ప్రయత్నించానో! పైపులో పగులు పట్టడం సులువు.

అమ్మ రెండు రోజులకోసారి ఫోన్ చేసేది. ప్రతిసారీ చివర్లో ఒక మాట. "ఉస్తాద్ అడుగుతుండే. నీ తాన నుంచి తనకేమన్న కబురున్నదా అని." నేను ప్రతిసారీ ఒకటే చెప్పాను. "ఏం లేదని చెప్పు." అమ్మ ఆ మాట తీసుకెళ్ళి ఆయనకు ఇచ్చేది, చాయ్‌తో పాటు. ఏడెనిమిది సార్లు ఇచ్చి ఉంటుంది. ఏం లేదంట అన్నా, ఏం లేదంట. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన ముఖం ఎలా ఉండేదో అమ్మను అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఆ మధ్యలో ఒక డ్రిల్లు జరిగింది. రూమ్ పిల్ల రాలేదు. నేను ఆమె కార్డు తిప్పలేదు. ఒక్క ఎర్ర కార్డు కోసం ప్లాట్‌ఫామ్ అంతా ఎండలో నిలబడింది, మనుషులు వెతకడానికి దిగారు, నిద్రమొహంతో ఆమె వచ్చింది, అందరూ నవ్వారు. గదిలోకి రాగానే "నీకేం పోయేకాలం వచ్చింది?" అని ఏడ్చింది. ఇప్పటిదాకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఉస్తాద్‌కు నేను ఇవ్వగలిగిన జవాబు అదొక్కటే. అది ఆయనకు చేరలేదు.

పదకొండో రోజు షెడ్డు ముందు టెంటు వేసి భోజనాలు పెట్టారు. ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవాళ్ళు వచ్చారు. సముద్రం మీద ఇంకా పని మిగిలింది నాకొక్కదానికే. ఒకాయన ఆటో నడుపుతున్నాడు, ఇంకొకాయన ఇనుప గేట్లు చేస్తున్నాడు. రెండు మాటలు చెప్పు బిడ్డా అని అమ్మ నన్ను ముందుకు తోసింది. ఉస్తాద్ ఎవరినీ వదిలేసి కదిలేవారు కాదు అని మొదలుపెట్టాను. అక్కడే ఆగిపోయాను. దుఃఖంతో గొంతు పట్టుకుపోయిందనుకుని అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

ఇంటికి వచ్చాక అమ్మ నల్లా దగ్గర పీట వేసుకుని పెద్ద గిన్నె తోముతోంది. తోముతూనే మొదలుపెట్టింది. "ఎంత మంచోడే, బంగారం అసుంటోడు. మీ బాపుకు అసుంటి బుద్ధి ఉంటే మళ్ల దిగకపోతుండె" అంది. ఇక నేను ఆపుకోలేకపోయాను.

"బాపు మళ్ల దిగలే అమ్మా. అసలు పైకే రాలే."

అంతా చెప్పాను. కార్డు, గంట, సిలిండర్లు, సంతకం, నేను ఎక్కిన ఆటో. ఏదీ దాచలేదు. అమ్మ చేతిలో పీచు అలాగే ఉండిపోయింది. ఉస్తాద్‌ను తిడుతుందనుకున్నాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును.

"ఇరవై ఏండ్లు తిట్టిన" అంది చివరికి. "పిల్లను ఇడిసి పోయినవని పొద్దున లేస్తే తిట్టిన. మీ బాపు ఏ తప్పూ చెయ్యలేదా మరి?"

"చెయ్యలే అమ్మా."

పీచు గిన్నెలో వదిలేసి నల్లా కింద చేతులు పెట్టింది. తరువాత అడిగింది, చిన్నపిల్ల అడిగినట్టు. "గా గంట సేపు... ఎవరు రాకముందు... మీ బాపు పానంతోటే ఉన్నడా?"

నా దగ్గర జవాబు ఉండాలి. గ్యాస్ గురించి నాకు శిక్షణ ఇచ్చారు, సర్టిఫికెట్ ఉంది. గ్యాస్ ఎక్కువగా ఉంటే రెండు ఊపిరులు, అంతే. తక్కువైతే మనిషి తెలివి తప్పి పడి ఉంటాడు, చాలాసేపు బతికే ఉంటాడు, వెతికి బయటికి తెస్తే లేస్తాడు కూడా. ఆ రోజు ఏది జరిగిందో కంపెనీ కాగితంలో లేదు. బాపును భుజాన వేసుకున్న మనిషికి తెలిసి ఉంటుంది, ఆ ఒళ్ళు చల్లగా ఉందో ఇంకా వెచ్చగా ఉందో. ఇరవై రోజులు ఆయన కుర్చీలో కూర్చుని, ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని ఎదురుచూశారు. నేను ఏం లేదని చెప్పించాను.

అమ్మ పీట మీద నుంచి లేవలేదు. తడి చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా నోటి వైపే చూస్తోంది.